ఆసుపత్రి పచ్చికకు సున్నం

మా వాళ్ళకు గడ్డి అంటే తెలుసు గాని పచ్చిక అంటే తెలియదు. గడ్డి ఉందంటే దాన్ని తినే గేదె ఉండాలి. గేదె లేకుండా ఎకరన్నర గడ్డి పెంచి, దానికి నీళ్ళు పెట్టి, ఎరువు వేసి, తీరా ఏపుగా పెరిగాక కోసి పారబోసే మనిషి మా వైపు మా అయ్య ఒక్కడే. చుట్టాలు నవ్వేవాళ్ళు. "ఏటి మావా, మీ దొరసాని గడ్డి తింతాదేటి?" అని మా మేనబావ వచ్చిన ప్రతిసారీ అడిగేవాడు. అయ్య కూడా వాడితో కలిసి నవ్వేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. నాకు ముక్కు మీద కోపం. నేను కడుపులో ఉన్నప్పుడు తను మిరపకాయలు ఎక్కువ తిన్నదని మా అమ్మ అందరికీ చెప్పుకునేది.

ఇది అరవయ్యో దశకం చివరి మాట. శ్రీకాకుళానికి బస్సులో గంట దూరంలో ఒక చిన్న ఊళ్ళో మిషను ఆసుపత్రి ఉండేది. గేటు నుంచి వరండా మెట్ల దాకా పచ్చికే. సాయంత్రాలు రోగుల తాలూకు మనుషులు దాని మీద కూర్చుని అన్నాలు తినేవాళ్ళు, పిల్లలకు పాలిచ్చేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు. అయ్య ముప్ఫై ఏళ్ళుగా అక్కడ తోటమాలి. బావి పక్కన రెండు గదుల క్వార్టరు మాది. నేను ఆ ఆసుపత్రిలోనే నర్సు శిక్షణలో రెండో ఏట ఉన్నాను. ఆ వేసవిలో అమ్మ జ్వరంతో పోయింది. అయ్యకు వండిపెట్టే మనిషి లేక నేను హాస్టలు వదిలి క్వార్టరుకి వచ్చేశాను.

ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ దొరసాని. ఎక్కడో మంచు కురిసే దేశం నుంచి వచ్చి నేను పుట్టకముందు నుంచే అక్కడ ఉంది. నన్ను భూమ్మీదకు తెచ్చిన చేతులు కూడా ఆవిడవే. తెలుగు బాగా మాట్లాడేది గాని అది బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు. "నీ జ్వరము నిన్ను విడిచెనా?" అని అడిగితే పల్లెటూరి రోగులు తమకేదో దీవెన దొరికిందనుకుని దణ్ణం పెట్టేవాళ్ళు. వాళ్ళ దేశంలో ఆకులు రాలే కాలంలో పచ్చికకు సున్నం, ఎరువు చల్లి చలికాలానికి సిద్ధం చేస్తారట. మా వైపు ఆ రోజుల్లో ఆకు రాలదు సరికదా, వానలు పడి పడి కలుపు కూడా నడుమెత్తు లేస్తుంది. అయినా దసరా వెళ్ళగానే ఆవిడ వరండాలో నిలబడి, "సమయము వచ్చెను" అనేది. అయ్య తలకు తువ్వాలు చుట్టేవాడు.

ఆ పని చిన్నది కాదు. మాది ఎర్ర నేల. నాలుగు నెలల వాన నీరు నిలిచేసరికి మట్టి పులిసిపోతుంది. ఆ పులుపు విరగడానికి ముందు సున్నం చల్లాలి. ఆ తరవాత కొన్నాళ్ళు ఆగి, చెరువు మట్టీ మాగిన గత్తమూ కలిపి జల్లెడ పట్టి చల్లాలి. గత్తమంటే పశువుల పెంట కుళ్ళి మట్టిలా మారిన ఎరువు. సున్నం, గత్తం ఒకేసారి వేస్తే గత్తంలో ఉన్న సారమంతా ఆవిరైపోతుందని అయ్య చెప్పేవాడు. ఇదంతా డాక్టరమ్మ ఆయనకు నేర్పిందో, ఆయన డాక్టరమ్మకు నేర్పాడో నాకు తెలియదు. ఇద్దరూ ఒకరి పేరు ఒకరు చెప్పేవాళ్ళు.

సున్నం కళింగపట్నం నుంచి బండి మీద వచ్చేది. అక్కడి ఒడ్డున ఏరిన గుల్లలు బట్టీలో కాల్చిన సున్నం. వచ్చినప్పుడు అది గడ్డలు గడ్డలుగా, నిప్పు కంటే ప్రమాదంగా ఉంటుంది. షెడ్డులో కుప్ప పోసి నీళ్ళు చిలకరిస్తే బుసలు కొట్టి, ఆవిరి కక్కి, పగిలి పొడవుతుంది. రోజూ తిరగేస్తూ, నీళ్ళు చిలకరిస్తూ, గోనెసంచులు కప్పి మూడు వారాలు ఉంచాలి. అప్పటికి చల్లారుతుంది. అయ్య దాన్ని 'సావడం' అనేవాడు. సున్నం సచ్చిందా లేదా అన్నది ఆయనకు పెద్ద సంగతి. చావని సున్నం గడ్డి మీద పడితే వేరుతో సహా కాల్చేస్తుంది.

చచ్చిందో లేదో తేల్చడానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. అమ్మ కుప్ప కడుపులోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి చిటికెడు పొడి తీసేది. తమలపాకుకి దాన్ని గోటితో రాసి, వక్క ముక్క పెట్టి, ఆకు రెండు ముక్కలు చేసి ఒకటి అయ్యకిచ్చి ఒకటి తను నమిలేది. ఇద్దరూ గట్టు మీద కూర్చుని నమిలేవాళ్ళు. నోరు పొక్కితే మరో వారం ఆగాలి. పొక్కకపోతే అయ్య ఉమ్మి, "సచ్చింది" అనేవాడు. తన నోరు ఓర్చుకున్నది గడ్డి ఓర్చుకుంటుందని ఆయన లెక్క. కిళ్ళీ నమలడం పాపమని పాస్టరుగారు ఆదివారం చెప్పినప్పుడల్లా, మేం నమిలేది గడ్డి కోసమని అమ్మ నా చెవిలో అనేది.

అమ్మ పోయిన్నాటి నుంచి అయ్య ఆకు ముట్టలేదు. ఎవరిచ్చినా వద్దన్నాడు. ఒకసారి నేను మడిచి ఇచ్చాను. చేతిలోకి తీసుకుని కాసేపు ఉంచుకుని, తినకుండా గూట్లో పెట్టేశాడు. నేను మళ్ళీ ఇవ్వలేదు.

ఇక ఆయన కళ్ళ సంగతి చెప్పాలి. నాలుగేళ్ళుగా రెండు కళ్ళకూ పొర కమ్ముతూ వచ్చింది. కుడి కన్ను తెల్లబడిపోయింది. ఎడమ కంటికి వెలుగూ నీడా, మనిషి ఆకారమూ తెలిసేవి, అంతే. ఆ పచ్చిక మీద ప్రతి అడుగూ ఆయన కాళ్ళకు తెలుసు కాబట్టి చూపు ఇంతగా పోయిందని బయటివాళ్ళెవరూ కనిపెట్టలేకపోయారు. డాక్టరమ్మకు మాత్రం తెలుసు. పొర తీస్తే చూపు వస్తుందని ఆవిడ ఏటా చెప్పేది. ఆయన ఏటా భయపడి వచ్చే ఏడు చూద్దామనేవాడు. నీ కళ్ళు బాగు చేయించుకోవయ్యా అని అమ్మ సరసానికీ తిట్టింది, నిజంగానూ తిట్టింది. పోయే ముందు రోజు కూడా ఆ మాటే అంది.

ఆ ఏడుతో డాక్టరమ్మ కొలువు అయిపోతోంది. క్రిస్మసు లోపు ఓడ ఎక్కాలి. తరవాత వచ్చే డాక్టరుకి కళ్ళ పని రాదు. వేరే ఊరు తీసుకుపోయి చేయించే తాహతు మాకు లేదు, ఉన్నా వేరే చేతిని అయ్య తన కంటి దగ్గరకు రానివ్వడు. అప్పట్లో కంటికి కత్తి పెట్టాక పది రోజులు తలకు రెండు పక్కలా ఇసుక మూటలు పెట్టి కదలకుండా పడుకోబెట్టేవాళ్ళు. ఆ తరవాత కూడా నెల రోజులు రోగి తన కళ్ళ ముందు ఉండాలని డాక్టరమ్మ పట్టు. అందుకని దీపావళి వెళ్ళిన శుక్రవారం చేస్తానంది. అది దాటితే తను కత్తి పట్టనని తేల్చి చెప్పింది. ఆ శుక్రవారం తప్పితే మా అయ్యకు చూపు లేదు.

అమ్మ లేని ఇంట్లో ఆయన మొదటిసారి సరేనన్నాడు. అయితే ఒక మెలిక పెట్టాడు. సున్నం చల్లడం అయిపోయాకే బల్ల ఎక్కుతానన్నాడు.

"సున్నం నా సేత్తో జల్లుతాను. గత్తం సంగతి కూలోల్ల సేత నువ్వు సేయించు. కట్టు ఇప్పిన దినం నన్ను వరండాలో నిలబెట్టు. ముందు ఆ గడ్డి సూత్తాను, తరవాత నీ మొకం సూత్తాను," అన్నాడు.

నేను అలిగినట్టు నటించాను. గడ్డి తరవాతా నేను అన్నాను. ఆయన నవ్వాడు. అమ్మ పోయాక ఆయన నవ్వగా నేను వినడం అదే మొదలు. నాకు ఆ రాత్రి ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆయన నవ్వినందుకు కాదు, మళ్ళీ ఏదో చూడాలని కోరుకున్నందుకు.

ఆ ఏడు తుఫాను వాన వంశధారను పొంగించింది. రోడ్డు మీద నీళ్ళు నిలిచి సున్నం బండి రావలసిన రోజుకి రాలేదు. వచ్చేసరికి శుక్రవారానికి పదకొండు రోజులే ఉన్నాయి. అయ్య కుప్ప చుట్టూ తిరిగాడు. మూడు వారాలు కావాలి, ఏం చేద్దామన్నాడు. నీళ్ళు ఎక్కువ చిలకరిస్తాను, రోజుకి రెండుసార్లు తిరగేస్తాను, తొందరగా చల్లారుతుందిలే అన్నాను. ఆయన ఒప్పుకున్నాడు. సున్నం పని ఎప్పుడూ అమ్మదే కాబట్టి అది ఇక నాదైంది.

రోజుకి రెండుసార్లు అన్నాను గాని నాకు వార్డు డ్యూటీ ఉండేది. పొద్దున్న హడావిడిగా నాలుగు చెంబులు పైన చల్లి, గోనెలు కప్పి పరిగెత్తేదాన్ని. సాయంత్రం ఒళ్ళు హూనమై వచ్చి పైపైన పారతో కదిపేదాన్ని. పైనంతా మెత్తగా, తెల్లగా, చేత్తో పట్టుకుంటే పిండిలా జారిపోయేది. బాగానే ఉంది అనుకునేదాన్ని. లోపల ఎలా ఉందో చూడలేదు.

మంగళవారం సాయంత్రం అయ్య షెడ్డు గుమ్మంలో నిలబడి నన్ను పిలిచాడు. తమలపాకు తన చేత్తో తెచ్చాడు. కడిగి, తుడిచి, వక్కతో సహా నా చేతిలో పెట్టాడు.

"నాను తినలేనమ్మా. నువ్వు నమిలి సెప్పు. అడుగునుంచి తియ్యి," అని బావి వైపు వెళ్ళిపోయాడు. నేను ఆకు నమలడం చూడలేక వెళ్ళాడని నాకు అర్థమైంది.

నేను కుప్ప ముందు కూర్చున్నాను. ఇక్కడ నేను చేసినది ఏమిటో దాచకుండా రాస్తాను, ఎందుకంటే ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. నేను లోపలికి చెయ్యి పెట్టలేదు. పెడితే వేడి తగులుతుందని భయపడ్డాను. వేడి తగిలితే అయ్యకు చెప్పాలి, చెప్తే ఆయన మరో వారం ఆగుతానంటాడు, ఆగితే శుక్రవారం పోతుంది. సున్నం చల్లకుండా బల్ల ఎక్కమంటే ఆయన ఎక్కడు, నాకు తెలుసు, మొండి మనిషి. కాబట్టి నాకు తెలుసుకోవాలని లేదు. పైగా నేను చదువుకున్నదాన్ని. థర్మామీటరు పట్టుకునేదాన్ని. నోట్లో వేసుకుని పరీక్షించడం మోటు పద్ధతి అని నాలో ఒక గర్వం కూడా ఉండేది. ఎర్ర నోటితో రేపు వార్డుకి వెళ్తే మేట్రన్ తిడుతుందని కూడా అనుకున్నాను. అబద్ధం ఆడాలనుకున్న మనిషికి సాకులు వెతుక్కోనక్కరలేదు, అవే వచ్చి కూర్చుంటాయి.

ఆకు మడిచి గోనెల కింద తోసేశాను. బావి దగ్గరకు వెళ్ళాను.

"సూసావేటి?" అన్నాడు అయ్య.

"సూసానయ్యా. సచ్చింది," అన్నాను.

ఆయన ముఖం తేటపడింది. అమ్మ చేసినంత బాగా చేశావన్నాడు. ఆ మాటకు నేను సిగ్గుపడాలి. సిగ్గుపడలేదు, పొంగిపోయాను.

బుధవారం తెల్లవారగానే మొదలుపెట్టాం. పొద్దెక్కాక గాలి సముద్రం వైపు నుంచి తిరుగుతుంది కాబట్టి ఆ లోపు ముగించాలి. ఆయన చేతులకు మోచేతుల దాకా నేనే ఆముదం రాశాను. ఇద్దరు కూలి ఆడవాళ్ళు షెడ్డులోంచి గంపలతో మోసుకొచ్చి పోస్తున్నారు. అయ్య తట్ట నడుముకి ఆనించుకుని, వరి విత్తనం వెదజల్లినట్టు, అడుగుకి ఒక గుప్పెడు చల్లుకుంటూ ఈ అంచు నుంచి ఆ అంచుకి నడిచేవాడు. మళ్ళీ వెనక్కి, గేటు దగ్గర మొదలుపెట్టి ఒక్కో చాలు వరండా వైపు జరుగుతూ. గీత గీసినట్టు తిన్నగా నడిచేవాడు. కళ్ళు కనపడని మనిషని ఎవరూ అనుకోరు. వరండాలో నిలబడి చూస్తున్న రోగుల తాలూకు మనుషులు, ముసిలోడు ఎంత నాజూకుగా జల్లుతున్నాడో అని చెప్పుకున్నారు.

మొదట కుప్ప పైనున్న పొడి వచ్చింది. ఎనిమిది గంటలయ్యేసరికి కూలీలు అడుగుకి దిగారు. అయ్య ఒకచోట ఆగి, వేళ్ళు ఒకదానికొకటి రాసుకున్నాడు.

"సుర్రుమంతన్నాదేటే?" అన్నాడు.

నేను పక్కనే ఉన్నాను. తట్టలో చెయ్యి పెట్టి చూడవచ్చు. రెండడుగులు వేస్తే అయిపోయేది. "ఎండలో ఉన్నాది కదయ్యా, ఏడెక్కుతాది," అన్నాను. ఆయన తలాడించి మళ్ళీ నడిచాడు. నా మాట మీద ఆయనకు అంత నమ్మకం.

ఆఖరి చాళ్ళకు వచ్చాం. వరండా మెట్లకు పది గజాల దూరం. గాలి ఒక్కసారిగా తిరిగింది. ఆయన విసిరిన గుప్పెడు విసిరినట్టే వెనక్కి లేచి ఆయన ముఖం మీద పడింది. చల్లారిన సున్నం ఏటా ఒకసారైనా ఆయన కళ్ళలో పడేది. కళ్ళు ఎర్రబడేవి, నీళ్ళతో కడుక్కుంటే పోయేది. ఇది అలా కాదు. తట్ట పడేసి రెండు చేతులూ కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు. ఆ చేతులకు కూడా అదే సున్నం. చావని సున్నం రాజుకోవడానికి కళ్ళలో ఊరిన నీళ్ళే చాలు. మా అయ్య గట్టిగా మాట్లాడగా కూడా నేను ఎప్పుడూ వినలేదు, ఆ పొద్దున ఆయన అరుపు ప్రసూతి వార్డు దాకా వినిపించిందట.

నేను ఆయన చేతులు లాగి, బావి దగ్గరకు ఈడ్చుకుపోయి బకెట్లతో ముఖం మీద పోశాను. నేర్చుకున్నది చేస్తున్నాను, చేతులు పనిచేస్తున్నాయి, నోటితో మాత్రం ఏవో పిచ్చి మాటలు అంటున్నాను. క్వార్టర్లలో ఒక బాలింత చనుబాలు పిండుతానని పరిగెత్తుకొచ్చింది. ఇంతలో డాక్టరమ్మ చెప్పులు కూడా లేకుండా వచ్చింది. ఆయన్ను బల్ల మీద పడుకోబెట్టి, సీసా వేలాడదీసి, గంటకు పైగా రెండు కళ్ళూ కడిగింది. రెప్పలు తిప్పి, లోపల అతుక్కున్న సున్నం రేణువులు దూది పుల్లతో ఒక్కొక్కటే తీసింది. తీసిన ప్రతిదాన్నీ వెలుతురులో పట్టుకుని చూసింది. నా వైపు చూడలేదు. అది శుక్రవారం ఎక్కవలసిన బల్లే.

అయ్య ఒక చేత్తో నా మణికట్టు పట్టుకుని ఉన్నాడు. నొప్పికి మందు వేశాక ఊపిరి కొంచెం నెమ్మదించింది. నన్ను వంగమన్నట్టు లాగాడు. ఏం కావాలో అని వంగాను.

"నీ నోరు ఎలాగున్నాదమ్మా? పొక్కిపోనేదు కదా?" అన్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు. తరవాత అయింది. నేను నిన్న ఆ సున్నం నమిలానని ఆయన నమ్ముతున్నాడు. కళ్ళను ఇంత కాల్చిన సున్నం బిడ్డ నోటిని ఏం చేసి ఉంటుందో, పైకి చెప్పకుండా ఓర్చుకుని తిరుగుతోందేమో అని, కళ్ళు కాలుతూ ఉండగా ఆయన ఆలోచిస్తున్నాడు.

"నేదయ్యా," అన్నాను. "నోటికేటీ అవనేదు."

నోట్లోంచి వచ్చేశాక గాని, నేను ఆకు నమలనే లేదని ఆయనకు చెప్పేశానని నాకు తెలియలేదు. ఆ ఒక్కసారి అబద్ధం చెప్పి ఉండవలసింది. కొంచెం పొక్కిందయ్యా, పట్టించుకోలేదంతే అని ఉంటే, ఎక్కడో పొరపాటు జరిగిందని ఆయనకు సర్దుకోవడానికి కొంత మిగిలేది. నిన్న అబద్ధం ఆడి ఆయన కళ్ళు తీశాను. ఇవాళ నిజం చెప్పి ఆ మిగిలినదీ తీశాను.

 నా మణికట్టు వదల్లేదు. "మంచిది," అన్నాడు.

నాలుగో రోజున డాక్టరమ్మ నన్ను తన గదికి పిలిచింది. నల్లగుడ్ల మీద తెల్లగా గట్టిపడిపోయిందని, లోపలి పొర తీసినా వెలుగు వెళ్ళే దారి లేదని చెప్పింది. "ద్వారము మూయబడెను, అమ్మా," అంది. ఎప్పుడూ మాకు నవ్వు తెప్పించే ఆ తెలుగు. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని మళ్ళీ తీసింది. ఆ సున్నం ఎవరు చూశారని అడిగింది. నేను నేల చూశాను. ఆవిడ రెండోసారి అడగలేదు. నేను ఏడుస్తున్నానని ఊరుకుందనుకుంటాను.

ఆ వారంలోనే పచ్చిక మాడడం మొదలైంది. మొదట చల్లిన వైపు బాగానే ఉంది. వరండాకు దగ్గరగా వచ్చేకొద్దీ ఆయన నడిచిన చాళ్ళ వెంట పసుపురంగు చారలు లేచి, పదిరోజుల్లో గోధుమరంగుకి తిరిగాయి. ఎన్ని నీళ్ళు పెట్టినా, ఎంత గత్తం వేసినా లేవలేదు. రోజూ డ్యూటీకి ఆ చారల పక్క నుంచే వెళ్ళాలి. నాకు తప్ప వాటి అర్థం ఎవరికీ తెలియదు. వానకు వేరుపురుగు పట్టిందని కూలీలు చెప్పుకున్నారు. నేను అవునన్నాను.

డాక్టరమ్మ వెళ్ళే ముందు ఆ పచ్చిక మీదే వీడ్కోలు సభ పెట్టారు. షామియానా వేసి, మాడిన చోట్ల మీద కుర్చీలు వరసగా సర్దారు. చుట్టుపక్కల పల్లెల నుంచి జనం వచ్చారు. ఆవిడ చేతుల్లో పుట్టిన పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. అయ్యను ముందు వరసలో కూర్చోబెట్టమని ఆవిడే చెప్పింది. ఉతికిన పంచె కట్టి, కళ్ళకు నల్లద్దాలు పెట్టి, నేను తీసుకొచ్చి కూర్చోబెట్టాను. పాటలు పాడారు, మాట్లాడారు. అయ్య నా వైపు వంగి, "గడ్డి ఎలాగున్నాది?" అని అడిగాడు.

పచ్చగా ఉందన్నాను. పోయిన ఏటికంటే బాగా వచ్చిందన్నాను.

ఆయన కుర్చీలోంచి కిందికి చెయ్యి జార్చి, అరచేత్తో నేలను తడిమాడు. మాడిన పోచలు ఆయన వేళ్ళ మధ్య చిటచిటా విరిగాయి. ఆ చప్పుడు పాటలోనూ నాకు వినబడింది. ఆయన చెయ్యి అక్కడే కాసేపు ఆగింది. తరవాత తీసి, పంచెకు తుడుచుకుని, ఒళ్ళో పెట్టుకున్నాడు.

సభ అయ్యాక డాక్టరమ్మ ఆయన దగ్గరకు వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.  పక్కన పాస్టరుగారు, మేట్రన్, కొత్తగా వచ్చిన డాక్టరు, అందరూ నిలబడి ఉన్నారు. అయ్య లేచి నిలబడ్డాడు.

"ఆ సున్నం నానే సూసానమ్మా," అన్నాడు, అందరికీ వినపడేలా. "నా పిల్ల వొద్దనే సెప్పింది, ఆగమంది. నానే ఇననేదు. నీకు పచ్చటి గడ్డి సూపించి పంపుదామనుకున్నాను, మాడ్సీసాను. ఏటీ అనుకోకు."

నేను ఆయన పక్కనే ఉన్నాను. కాదు, నేను అని రెండు మాటలు చాలు. అందరూ ఉన్నారు, ఆవిడ ఉంది, చెప్పడానికి అంతకంటే మంచి చోటు ఇక దొరకదని కూడా నాకు ఆ క్షణంలోనే తెలుసు. నా కోపం, నా నోటి దురుసు, చిన్నప్పటినుంచీ ఊరంతా చెప్పుకున్న నా పొగరు, ఒక్కటీ అక్కరకు రాలేదు. పాస్టరుగారు ఆయన భుజం తట్టి, దేవుని చిత్తం అన్నారు. నేను ఆయన నల్లద్దాలు జారితే సరిచేశాను. డాక్టరమ్మ నా చెంప నిమిరి, "నీ తండ్రిని కాచుకొనుము" అని వెళ్ళిపోయింది.

జనం గేటు వైపు కదిలారు. కూలీలు కుర్చీలు మడవడం మొదలుపెట్టారు. అయ్య చెయ్యి చాపి గాల్లో వెతికి నా భుజం పట్టుకున్నాడు.

"పదమ్మా, ఇంటికెల్దాం," అన్నాడు. "మెల్లగా నడు, నీ ఎనకే వత్తాను."

తరవాత నేను నర్సునై విజయనగరంలో ఉద్యోగం చేస్తున్నప్పుడు, సంతకి వెళ్ళినా, చర్చికి వెళ్ళినా, పెళ్ళి లేకుండా ఏళ్ళు గడిచి నా తల నెరుస్తున్నప్పుడు కూడా, ఆయన నా వెనకే నడిచాడు. పదహారేళ్ళు. ఆ పదహారేళ్ళూ చెయ్యి నా భుజం మీదే ఉంది, ఒక్క రోజు కూడా బరువుగా వెయ్యలేదు.